ఎడమ పక్కన పసుపు చుక్క

పళ్ల డాక్టరుగారి దగ్గరికి ఎంతటివాళ్లు వచ్చినా కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరవాల్సిందే, ఆయన చెప్పింది వినాల్సిందే. బుగ్గలో దూది, నాలుక మీద అద్దం పెట్టాక ఇంక ఎవరు మాత్రం ఎదురు చెప్తారు? సోమవారం నుంచి శనివారం దాకా ఆయన రాజ్యం అలా సాగేది. ఆదివారం వచ్చేసరికి కథ తిరగబడేది. ఆ రోజు నోరు మూసుకుని కూర్చోవడం ఆయన వంతు.

టైలరింగ్ షాపు పైన అద్దెకు తీసుకున్న గదిలో ప్రతి ఆదివారం పొద్దున ఫొటోగ్రఫీ క్లబ్బు కూడేది. కిటికీలకు కింద షాపులో మిగిలిపోయిన కోటు గుడ్డతో తెరలు, ఒక ప్రొజెక్టరు, కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు. అక్కడొక నియమం ఉంది. ఎవరి ఫొటో తెర మీద పడుతుందో వాళ్లు లేచి ముందు కుర్చీలో కూర్చోవాలి. మిగిలినవాళ్లంతా ఆ ఫొటోను కడిగి ఆరేస్తారు. కూర్చున్నవాడు పల్లెత్తు మాట అనకూడదు, ఎక్కడ తీశాడో, ఎంత కష్టపడి తీశాడో చెప్పుకోకూడదు. అందరూ అయ్యాక "ధన్యవాదాలు" అనాలి. వచ్చే ఆదివారానికి చెప్పినవన్నీ దిద్దుకుని తేవాలి. ఎవరు కనిపెట్టారో గానీ చెప్పేవాళ్లకి మాత్రం చాలా సుఖమైన నియమం.

చెప్పేవాళ్లలో పెద్ద, క్లబ్బు ప్రెసిడెంటుగారు. ఆయన కరెంటు డిపార్టుమెంటులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఖాళీ కనిపించిన చోటల్లా స్తంభం పాతించి తీగలు లాగించిన మనిషి. ఇప్పుడు ఎవరి ఫొటోలో సన్నని తీగ కనిపించినా విలవిల్లాడిపోతారు, చెరిపేసేదాకా ఊరుకోరు. ఆయన పక్కన లెక్కల మాస్టారు. ఆయన చేతిలో ఎర్ర లైటు వేసే పెన్ను ఉంటుంది. ఎలాంటి ఫొటో పడినా దాన్ని అడ్డంగా మూడు, నిలువుగా మూడు ముక్కలు కోసి, ఏది ఏ గీత మీద లేదో చూపిస్తారు. కొండైనా సరే, గీత మీదికి జరగాల్సిందే. మూడో ఆయన ఆడిటరు. ఆయన దగ్గర ఆకాశాలుంటాయి. ఎర్రవి, నారింజవి, రేపో మాపో కురిసేలా ఉన్నవి, హార్డ్ డిస్కు నిండా దాచి పెట్టుకున్నారు. ఎవరి ఫొటోలో ఆకాశం బోసిగా ఉన్నా జాలిపడి ఒకటి తీసిస్తారు. అందుకే ఆ క్లబ్బులో సగం మంది ఫొటోల్లో, ఏ కాలంలో ఎక్కడ తీసినా, అవే మబ్బులు.

ఏడాదికోసారి లైబ్రరీ హాల్లో వీళ్లు ప్రదర్శన పెడతారు. తలుపు తీయగానే ఎదురుగా కనిపించే ముందు గోడ మీద ఒకే ఒక ఫొటో ఉంటుంది. డాక్టరుగారి ఫొటోలు ఏళ్ల తరబడి వెనక గోడకే, మంటలార్పే సిలిండరు పక్కనే వేలాడుతూ వచ్చాయి. అటు వెళ్లేది బాత్రూం వెతుక్కునేవాళ్లే. ఈసారి ఎలాగైనా ముందు గోడ ఎక్కాలని ఆయన పట్టు పట్టాడు. క్లినిక్కులో ఎంత లాగినా రాని పన్నుతో కుస్తీ పడుతున్నప్పుడు కూడా ఆయన బుర్రలో ఆ గోడే.

అందుకోసం ఆ చలికాలం ఒక పండగ సెలవు రోజు చూసుకుని, తెల్లవారుతుండగా చెరువు దగ్గరికి వెళ్లాడు. తోడుగా భార్యను తీసుకెళ్లాడు. తోడుగా అంటే, మూడు కాళ్ల స్టాండు మోయడానికి. ఆవిడ ఆయన క్లినిక్కులోనే ముందు బల్ల దగ్గర కూర్చుని, వాచిన బుగ్గలతో వచ్చినవాళ్లకు ధైర్యం చెప్పి ఒక్కొక్కరినీ లోపలికి పంపేది. ఆ రోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే కెమెరాకి ఏమీ ఆనలేదు. లెన్సు గుర్రుగుర్రుమంటూ ముందుకీ వెనక్కీ తిరుగుతోందే తప్ప దేని మీదా నిలవడం లేదు. ఆయనకు ఒళ్లు మండింది. భార్య పసుపు స్వెట్టరు వేసుకుంది. ఆ రంగైతే పట్టుకుంటుందని ఆమెను ఎడమ పక్కన గట్టు దిగి నిలబడమన్నాడు. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ చీలమండలు మునిగేదాకా దింపాడు. ఒక చెప్పు బురదలో కూరుకుపోయింది. ఆమె అలాగే నిలబడింది. కెమెరా ఆమెను చూసి గురి పట్టింది, ఫొటో పడింది.

ఆమె గట్టెక్కి కెమెరా వెనక చిన్న తెరలో చూసుకుంది. తెల్లటి మంచు, మసక నీళ్లు, ఒక పాత పడవ, ఎడమ పక్కన బఠానీ గింజంత పసుపు చుక్క. అది తనేనా అని అడిగింది. నువ్వే అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. వెలగదా మరి! పెళ్లయిన నాటి నుంచీ ఆయన కొండలు తీశాడు, చెట్లు తీశాడు, ఎండిన ముళ్ల పొదను కూడా పొద్దంతా కూర్చుని తీశాడు. భార్యను తీసింది ఇదే మొదలు. చాలా బాగుందండీ అంది. ఆయన విన్నాడు గానీ పట్టించుకోలేదు. ఆయన లెక్కలో అభిప్రాయం అంటే ఆదివారం క్లబ్బులో దొరికేది.

ఆమె మాత్రం ఆ వారమంతా కాలు నిలవకుండా తిరిగింది. డాక్టరుగారి ఫొటోలో నేనున్నాను, ప్రదర్శనలో పెడతారు అని పన్ను నొప్పితో మూలిగేవాళ్లకు కూడా చెప్పింది. ఫోను చేసి వాళ్ల అక్కకు చెప్పింది. అక్క ఆ మాట పట్టుకుని, ప్రదర్శన రోజుకి భర్తను వెంటేసుకుని వస్తానంది.

మొదటి ఆదివారం ఫొటో తెర మీద పడగానే ప్రెసిడెంటుగారు కళ్లు చికిలించారు. ఎడమ పక్కన ఆ పసుపుదేదో కంట్లో నలుసులా పొడుస్తోందన్నారు. లెక్కల మాస్టారు ఎర్ర లైటు దాని చుట్టూ తిప్పి, గీతకు బయట పడిందన్నారు. ఆడిటరు ప్లాస్టిక్ సంచీ అనుకున్నారట, చెత్త పేరుకుపోతోందని కాసేపు బాధపడ్డారు. డాక్టరుగారు నోరు మెదపలేదు. నియమం నియమమే. ధన్యవాదాలు చెప్పి ఇంటికొచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని భార్యను చెరిపేశాడు. కాసిన్ని నీళ్లు పక్కనుంచి తెచ్చి ఆమె మీద పూసేసరికి పని అయిపోయింది. పన్ను పీకడం కంటే తేలిక అనిపించింది.

రెండో ఆదివారం పడవ వంతు. దాని ముక్కు ఫొటో బయటికి చూస్తోంది, లోపలికి చూడాలన్నారు. ఆయన పడవను తిప్పేశాడు. మూడో ఆదివారం ఆకాశం బోసిగా ఉందన్నారు. ఆడిటరు వెంటనే నారింజ రంగుది ఒకటి ఇచ్చారు. అది పెట్టాక మంచు అడ్డొచ్చింది, మంచు తీసేశాడు. మంచు తీస్తే అవతలి గట్టు మీద కరెంటు స్తంభాలు బయటపడ్డాయి. ప్రెసిడెంటుగారు గుండె పట్టుకున్నారు. అవీ పోయాయి. కొత్త ఆకాశంలో సూర్యుడు కుడి పక్కన ఉన్నాడు, పడవ నీడ కూడా ఆ పక్కకే పడుతోంది. ఎవరూ ఏమీ అనలేదు. గీతల ప్రకారం సూర్యుడు సరిగ్గా ఉండాల్సిన చోటే ఉన్నాడు మరి.

చివరి ఆదివారం ప్రెసిడెంటుగారు చాలాసేపు చూసి, ఇప్పుడు వంక పెట్టడానికేం లేదన్నారు. ముందు గోడ ఖాయమైంది. డాక్టరుగారికి ఏనుగెక్కినంత సంబరమైంది. మెట్లు దిగుతూ టైలరుకు చెప్పాడు, దారిలో మందుల షాపులో చెప్పాడు. ఇంటికొచ్చి భార్యకు చెప్పబోతే ఆమె ఎదురొచ్చి, ఆ రోజు ఏ చీర కట్టుకోవాలి, పసుపుదే కట్టుకుంటే అందరూ గుర్తుపడతారేమో అంది. ఆయన చెప్పబోయింది మింగేసి చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

చెప్పడానికి ఆయన ప్రయత్నించలేదని కాదు. తిండి దగ్గర మొదలుపెట్టి నీళ్లు నమిలాడు. క్లినిక్కులో మొదలుపెట్టేలోపు పేషెంటు వచ్చాడు. ఆఖరికి ఆ రోజు జనం తోసుకుంటారు, నిలబడటానికి చోటుండదు, ఎందుకొచ్చిన శ్రమ అన్నాడు. అక్క అంత దూరం నుంచి వస్తుంటే నేను రాకపోతే బాగుంటుందా అని ఆమె నవ్వేసింది.

ప్రదర్శన రోజు లైబ్రరీ హాలు తలుపు తీయగానే ఎదురుగా ఫొటో. నారింజ ఆకాశం భగ్గుమంటోంది. పసుపు చీర కట్టుకున్న ఆమె అక్కనూ బావనూ వెంటపెట్టుకుని వచ్చి, నేరుగా ఎడమ పక్కకి వెళ్లి వేలు పెట్టి చూపించబోయింది. వేలు గాల్లోనే ఆగిపోయింది. ముందు పైకి చూసింది, కిందికి చూసింది, కుడి పక్కకి కూడా వెళ్లి చూసింది. వాళ్ల బావ కళ్లజోడు తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. ఇంత చిన్నగా ఉన్నావా అని అక్క మెల్లగా అడిగింది. ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ముఖం కందగడ్డయింది. డాక్టరుగారు స్తంభం చాటున తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

తప్పించుకుందామంటే కుదరలేదు. ముందు గోడ ఫొటో మీద వచ్చినవాళ్లందరి ఎదుటా చర్చ పెట్టడం అక్కడి ఆచారం. ఆయన్ని పిలిచి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. నియమం అందరికీ వివరించారు. ప్రెసిడెంటుగారు లేచి, ఈ ఫొటో మా క్లబ్బు క్రమశిక్షణకు నిదర్శనం అన్నారు. లెక్కల మాస్టారు గీతలు గీశారు. ఆడిటరు ఆకాశాన్ని పొగిడారు, అది ఎవరిదో మాత్రం చెప్పలేదు, ఆయన పెద్దమనిషి. తర్వాత ప్రేక్షకుల్లో ఎవరైనా మాట్లాడొచ్చన్నారు. డాక్టరుగారి భార్య లేచి నిలబడింది.

"నాకు గీతలూ అవీ తెలియవండీ. ఈ ఫొటో తీసేటప్పుడు నేనక్కడే ఉన్నాను. మంచులో కెమెరాకి ఏమీ కనబడకపోతే, ఈయన నన్ను నీళ్లలోకి దిగి నిలబడమన్నారు. నన్ను చూశాకే అది పనిచేసింది. ఇప్పుడిందులో అన్నీ ఉన్నాయి, లేనివి కూడా ఉన్నాయి. నేనే లేను. నాకు చాలా కష్టంగా ఉంది."

అంతే చెప్పి కూర్చుంది. డాక్టరుగారు పెదవులు బిగబట్టుకుని నేల చూస్తున్నాడు. మాట్లాడకూడదన్న నియమం ఆయనకు అంత ముద్దొచ్చింది ఆ రోజే.

ప్రెసిడెంటుగారు గొంతు సవరించుకున్నారు. అమ్మగారు చాలా మంచి మాట అన్నారు, ఇందులో ఏదో లోటుందని నాకు మొదట్నుంచీ అనిపిస్తూనే ఉంది అన్నారు. ఏ మాత్రం తడుముకోకుండా అన్నారు. లెక్కల మాస్టారు వెంటనే ఎర్ర లైటు తీసి, సరిగ్గా ఎడమ పక్కన పెట్టి, ఇక్కడ చిన్న మనిషి ఆకారం ఒకటి పడితే ఫొటోకి ప్రాణం వస్తుందన్నారు. రంగు కొంచెం వెచ్చగా ఉండాలి, పసుపైతే నా ఆకాశానికి నప్పుతుంది అని ఆడిటరు నోరు జారారు. అందరూ తలలూపారు. ఇలా సూటిగా చెప్పేవాళ్లే క్లబ్బుకు కావాలని, అమ్మగారు కూడా సభ్యురాలిగా చేరాలని ప్రెసిడెంటుగారు కోరారు. చప్పట్లు కొట్టారు. డాక్టరుగారు లేచి, "ధన్యవాదాలు" అన్నాడు.

బయట మెట్ల దగ్గర ఆమె వెనకాలే పరుగెత్తాడు. అక్కా బావా అప్పటికే కారెక్కారు. ఆయన ఒక్క ఊపిరిలో, అసలు ఫొటో భద్రంగానే ఉంది, దాంట్లో నువ్వున్నావు, సాయంత్రానికల్లా మళ్లీ పెట్టేస్తాను, చూశావుగా, వాళ్లు కూడా పెట్టమన్నారు అన్నాడు. వదినకి కూడా చెప్పు అన్నాడు.

ఆమె మెట్టు మీద ఆగింది. కళ్లల్లో నీళ్లున్నాయి.

"వాళ్లు తీయమంటే తీశారు. పెట్టమంటే పెడతారు. అది కాదండీ నేను అడిగేది. వాళ్ల సంగతి వదిలేయండి. నేనున్న ఫొటో బాగుందా, లేనిది బాగుందా? మీకు?"

డాక్టరుగారు నిజాయితీగా ఆలోచించాడు. అబద్ధం చెప్పకూడదనుకున్నాడు. చెరువు గుర్తు తెచ్చుకున్నాడు, మంచు గుర్తు తెచ్చుకున్నాడు, ముందు గోడ కూడా గుర్తుకొచ్చింది. నుదురు రుద్దుకున్నాడు. తనకి ఏది బాగుందో ఎంత వెతికినా తగల్లేదు.

"రెండూ పక్కపక్కన పెట్టి ఆదివారం చూపిస్తాను" అన్నాడు. "ఏమంటారో చూద్దాం."

ఆమె చీర కుచ్చిళ్లు పైకెత్తి మెట్లు దిగింది. తర్వాత వెళ్లి కారు వెనక సీట్లో అక్క పక్కన కూర్చుని తలుపు వేసుకుంది. ఇంకేమీ అడగలేదు, ఆ రోజే కాదు, ఆ తర్వాత కూడా. గొడవ ఇంత తేలిగ్గా తీరిపోయినందుకు డాక్టరుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.