ఫ్రిజ్ మీద ఐదు పేర్లు

కట్టుడు పళ్ళు తయారుచేసే ఆ చిన్న పనిచోట ఉన్నది ఆరుగురే. శుక్రవారం మూడింటి కాఫీకి వంతులవారీగా ఒకరు ఇంట్లో కేకు చేసి తేవాలి. వంతుల కాగితం ఫ్రిజ్ మీద అంటించి ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా అందులో మూడో పేరు హోదాన్‌ది. సోమాలియా నుంచి వచ్చి స్వీడన్‌లోని బోరోస్‌లో స్థిరపడిన ఆమెకు, తానూ వీళ్ళలో ఒకతెనని నమ్మకం కలిగించేది ఆ కాగితమే.

"హోదాన్ కేకు పుణ్యమా అని ఊళ్ళో పళ్ళన్నీ ఊడతాయి. మనకే గిరాకీ!" అనేవాడు అక్కడ అందరికంటే పెద్దవాడైన టోర్‌బ్యోర్న్ ప్రతిసారీ.

"నీ కేకుకు దవడే ఊడొస్తుంది, ముసలాడా!" అనేది ఆమె. అతను మూడు ముక్కలు తినేవాడు.

సోమవారం అందరికీ శిక్షణ పెట్టారు. వేరే దేశాలవాళ్ళతో ఎలా మెలగాలో బయటినుంచి వచ్చినావిడ రోజంతా చెప్పింది. హోదాన్ కూడా శ్రద్ధగా రాసుకుంది.

మంగళవారం ఫ్రిజ్ మీద కొత్త కాగితం. ఐదే పేర్లు.

"గున్వోర్, నా పేరేదీ?"

పక్క బల్ల దగ్గర పనిచేసే గున్వోర్ ముఖం ఎర్రబడింది. "మా అలవాట్లు నీ మీద రుద్దుతున్నామేమో అనిపించింది. అందరం ఆలోచించే తీసేశాం."

"నన్నడిగారా?"

"అడిగితే మొహమాటానికి ఉంచమంటావని..."

హోదాన్ విసురుగా తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

పాత కాగితం ప్రకారం ఆ శుక్రవారం వంతు ఆమెదే. తెల్లవారుజామునే లేచి, కోపంతో ఉడికిపోతూనే కేకు చేసి తెచ్చింది. అందరూ తలో ముక్క తీసుకున్నారు.

"చాలా బాగుంది, హోదాన్."

"శ్రమపడ్డావు. థాంక్స్."

టోర్‌బ్యోర్న్ మెల్లగా నమిలి, మంచినీళ్ళు తాగి, "చాలా బాగుంది," అన్నాడు. పళ్ళ మాటే ఎత్తలేదు.

హోదాన్ తన ముక్క కొరికింది. ఉప్పు! నాలుక మండిపోయేంత ఉప్పు. పొద్దున ఆ చిరాకులో పంచదార డబ్బాకు బదులు పక్క డబ్బా అందుకున్నట్టుంది. తల ఎత్తి చూస్తే అందరూ బుద్ధిగా నములుతున్నారు.

"ఇది ఉప్పు! ముసలాడా, నువ్వైనా తిట్టవేం?"

టోర్‌బ్యోర్న్ గున్వోర్ వంక చూసి గొంతు సవరించుకున్నాడు.

"మీ దేశంలో ఇలాగే చేస్తారేమో అనుకున్నాను."

తొమ్మిదేళ్ళు ఆ కేకును తియ్యగా తిన్న మనిషి అన్నాడా మాట. అని, మిగిలిన ముక్క కూడా మర్యాదగా నోట్లో పెట్టుకున్నాడు.