ఎట్లుండెనో గట్లనే

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ కోచింగ్ సెంటర్ కంప్యూటర్లన్నిటికీ పెద్దదిక్కు సైదులు. రోజూ ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి తొమ్మిదింటికల్లా దిగుతాడు. పనిమంతుడే, కాదనలేం. కానీ తాను రాసిన ప్రోగ్రాం అంటే మాత్రం కన్నకొడుకంత మురిపెం.

అది చేసేది చిన్న పనే. సర్వర్‌లో హాజరు చూసే సర్వీసు ఒకటి, పరీక్షలు నడిపేది ఒకటి, రోజూ మార్కులకు నకలు తీసి వేరే పెట్టెలో దాచే బ్యాకప్ ఒకటి, ఇలా పదకొండు సర్వీసులు నడుస్తుంటాయి. ప్రతి ఆదివారం చేసే అప్‌డేట్‌కు ముందు ఏది నడుస్తోందో, ఏది ఆగి ఉందో ప్రోగ్రాం జాబితా రాసుకుని, అన్నిటినీ ఆపుతుంది. పని అయ్యాక జాబితా చూసి నడిచినవాటిని నడిపిస్తుంది, ఆగినవాటి జోలికి పోదు. "ఎట్లుండెనో గట్లనే ఒస్తది" అని సైదులు చెప్పగా చెప్పగా వాచ్‌మన్‌కు కూడా కంఠతా వచ్చేసింది.

ఫిబ్రవరిలో ఒక సోమవారం సర్వర్ డిస్క్ చచ్చిపోయింది. గుడివాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ యజమాని చక్రపాణి పరుగున వచ్చాడు. గంటలో అన్నీ తెస్తానని సైదులు ధీమాగా చెప్పి బ్యాకప్ పెట్టె తెరిచాడు.

చివరి నకలు దసరా ముందు రోజుది.

కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు. ఆరువందల మంది పిల్లలు నాలుగు నెలలు రాసిన పరీక్షలు గాలికి పోయాయి.

చక్రపాణి కోపం రమ్య మీద పడింది. బ్యాకప్ చూసుకునే పని ఆమెదే. సూర్యాపేట దగ్గరి పల్లె నుంచి వచ్చి నవంబర్‌లో చేరింది, మొదటి ఉద్యోగం. రేపటి నుంచి రావద్దన్నాడు. ఆ పిల్ల బ్యాగు సర్దుకోసాగింది.

తన ప్రోగ్రాం తప్పేం లేదని చూపిద్దామని సైదులు ల్యాప్‌టాప్‌లో పాత జాబితాలు తీశాడు. దసరాకు ముందు ఆదివారం పదకొండూ నడుస్తున్నాయి. తర్వాతి ఆదివారం బ్యాకప్ ఆగి ఉంది. ఆ తర్వాత వరుసగా ప్రతి ఆదివారమూ అంతే.

అప్పుడు గుర్తొచ్చింది. ఆయుధపూజకు యంత్రాలకు విశ్రాంతి ఇవ్వాలని చక్రపాణి పట్టుబడితే, ఒక్కొక్క సర్వీసునూ చేత్తో ఆపింది తనే. సర్వర్‌కు బొట్టు పెట్టి దండ వేశాక, జమ్మికి పోయే తొందరలో చేత్తోనే లేపాడు. పదే లేపాడు. పదకొండోదాన్ని ప్రోగ్రాం ఇన్నాళ్లూ నమ్మకంగా నిద్రపుచ్చుతూ వచ్చింది. తన వేలితో తన కన్నే పొడుచుకున్నాడు.

అంతకన్నా ఘోరం ఇంకొకటి. చేరిన వారంలోనే రమ్య వచ్చి, తెర మీద నడిచే సర్వీసుల గీతలన్నీ పచ్చగా ఉంటే బ్యాకప్ గీత ఒక్కటే ఎర్రగా ఎందుకుందని అడిగింది. తల కూడా ఎత్తకుండా తన పాత పాటే పాడి పంపేశాడు.

ఆ జాబితాలు చదవడం అక్కడ ఇంకెవరికీ రాదు. ల్యాప్‌టాప్ మూసేస్తే సరి. రమ్య బ్యాగు భుజాన వేసుకుని గుమ్మం దాటుతోంది.

"సార్, బ్యాకప్ బంద్ చేసింది నేను, దసరా నాడు. గీ పిల్ల అడిగింది. నేనే ఇనలే."

చక్రపాణి సర్వర్ మీద ఎండిన బంతిపూల దండ వైపు చూశాడు. "ఆపమన్నది నేనేగదయ్యా" అని కూలబడ్డాడు. బ్యాగు కింద పెట్టమని రమ్యకు చేత్తోనే సైగ చేశాడు.

సాయంత్రానికి కొత్త డిస్క్ మీద ప్రోగ్రాం పాత జాబితా చూసి పది సర్వీసులను లేపింది. పదకొండో గీత ఇంకా ఎర్రగానే ఉంది. రమ్య సైదులు వైపు తిరిగింది. మొహంలో ఎగతాళి ఏమీ లేదు.

"సార్, దీన్ని నడిపియ్యాల్నా, ఎట్లుండెనో గట్లనే ఉంచాల్నా?"

సైదులు లేచి వచ్చి, ఆమె పక్కన నిలబడి, ఆ గీత పచ్చబడేదాకా కదల్లేదు.