ఊడిన గీతలు, అమ్మమ్మ టాకాలు

పొద్దున్నే అమ్మమ్మకు మొదటి పని మనవరాలి బల్ల కింద ఊడ్వడం. ఫైలు ఎక్కడ తెరిచినా, అందులోంచి రాలేవన్నీ రాసిన బల్ల కిందే పడతాయి మరి. ఒత్తులు, కామాలు, పేజీ నంబర్లు, పట్టికల నిలువు గీతలు. గీతలు పుల్లల్లా చీపురుకి అడ్డం పడేవి. అన్నిటినీ ఏరి గుండీల డబ్బాలో వేసేది. నలభై ఏళ్లు మిషను కుట్టిన చెయ్యి, చిన్న పీలికైనా పారెయ్యదు.

"ఇవాళ మూడు తొమ్మిదులు దొరికాయే. నీవేనా?"

"నావి కాక ఇంకెవరివి!" మనవరాలు కస్సుమంది.

మూడేళ్లు బావి బావికీ తిరిగి నీళ్లలో ఉప్పు కొలిచిన పిల్ల. నూట పన్నెండు బావుల లెక్కల్ని పట్టికలు కట్టి, ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్‌లో థీసిస్ రాసుకుంది. ఇంట్లో తెరిస్తే ముత్యాల వరస. యూనివర్సిటీ ఆఫీసులో తెరిస్తే కుక్కలు చింపిన విస్తరి. ఏడో బావి ఉప్పు ఎనిమిదో బావిలో కలుస్తుంది. పోనీ పీడీఎఫ్ ఇస్తానంటే కుదరదట. ముందు పేజీని అక్కడి గుమాస్తాగారు స్వహస్తాలతో అతికించాలట, అందుకని మార్చడానికి వీలున్న ఫైలే కావాలట. ఫలానా సాఫ్ట్‌వేర్ కొనుక్కోమని ఏ రూల్లోనూ రాయరు, నోటితో మాత్రం చెబుతారు. ఇప్పటికి రెండుసార్లు తిప్పి పంపారు. ఇవాళ ఐదు దాటిందా, రిజిస్ట్రేషన్ రద్దు. మూడేళ్ల కష్టం నీళ్లపాలు.

"తలుపు వాళ్లది, గడియ వాళ్లది. తెరుచుకోకపోతే తప్పు మాత్రం నాదా?"

"ఉపన్యాసం తర్వాత ఇద్దువుగాని. ముందు సూదిలో దారం ఎక్కించు, నాకు బెజ్జం కనబడి చావదు."

ఎక్కించింది. అమ్మమ్మ కళ్లజోడు సర్దుకుని, డబ్బాలోంచి ఒక్కో గీతా తీసి, కంప్యూటర్ తెర మీద దాని చోట ఆనించి, మూలమూలకీ టాకా వేసింది. తొమ్మిదులకైతే రెండేసి కుట్లు. "జారుడు గుడ్డకన్నా కనాకష్టంగా ఉందే ఇది," అని సణుగుతూనే మూడున్నరకి దారం పళ్లతో కొరికింది.

నాలుగుంబావుకి ఆఫీసులో గుమాస్తా మనవరాలి చేతిలోంచి పెన్‌డ్రైవ్ అందుకున్నాడు. "మళ్లీ ఆ ఫ్రీ దాంట్లోనేనా? చెబితే వినవు కదమ్మా!"

"ముందు తెరవండి సార్. తర్వాత తిడుదురుగాని."

తెరిచాడు. నూట పన్నెండో బావి దాకా వెళ్లాడు. తన ముందు పేజీ అతికించాడు. అయినా ఒక్క గీత కదల్లేదు. తెరకి ముక్కు ఆనించి, పట్టిక మూలన ఉన్న నీలం దారాన్ని వేలితో తడిమాడు.

"ఎవరమ్మా కుట్టింది?"

"మా అమ్మమ్మ."

రసీదు మీద ముద్ర గుద్ది ఇచ్చాడు. మనవరాలు లేవబోతుంటే, "ఒక్క నిమిషం," అని కింది సొరుగు లాగి, ఉబ్బిపోయిన పాత కవరొకటి బల్ల మీద పెట్టాడు. నిండా అక్షరాలే.

"నాదీ ఒక థీసిస్ ఉండేది. సాయంత్రాలు ఈ బల్ల దగ్గరే రాసుకునేవాణ్ని. పదకొండేళ్ల కిందట సాఫ్ట్‌వేర్ మార్చారు. కొత్తదాంట్లో తెరిచేసరికి రెండొందల పేజీలూ నా కాళ్ల దగ్గర కుప్పపడ్డాయి. మళ్లీ రాసే ఓపిక లేకపోయింది." గొంతు తగ్గించాడు. "మీ అమ్మమ్మగారు... పాతవి కూడా కుడతారా?"

అతన్ని కడిగిపారెయ్యడానికి మూడు వారాలుగా నూరి పెట్టుకున్న మాటలు ఆమె నాలుక చివరే ఉన్నాయి. కవరు చేతిలోకి తీసుకుని బరువు చూసింది.

"ఆదివారం రండి సార్. సూదిలో దారం మాత్రం మీరే ఎక్కించాలి."