మామయ్య ఆనుకున్న స్తంభం

మండపం కూలిపోయింది. ఇప్పుడది ఆమె కంప్యూటర్ తెరలో మాత్రమే నిలబడి ఉంది, లెక్కలేనన్ని వెలుగు చుక్కలతో, మంచులో కట్టినట్టు. మౌస్ కదిపితే చాలు, స్తంభాల మధ్య తేలిపోతూ కప్పులోంచి దూరి ఆకాశంలోకి వచ్చేసేది.

కూలకముందే లేజర్ స్కానర్‌తో అంతా కొలిచి పెట్టారు కాబట్టి సరిపోయింది. ఆ కొలతల్ని శుభ్రం చేసి, మళ్లీ చెక్కబోయే శిల్పులకు నమూనా ఇవ్వడం ఆమె పని. అటూ ఇటూ తిరిగే మనుషులు స్కాన్‌లో పొగచారల్లా పడతారు. వాళ్లని ప్రోగ్రామే చెరిపేస్తుంది. కదలనివాణ్ణి మాత్రం రాయనుకుంటుంది.

ఆ మండపానికి కాపలాదారు ఆమె మేనమామే. అమ్మ పోయాక కంటికి రెప్పలా పెంచినవాడు. కాపలా మాట దేవుడెరుగు, నిద్రలో ఆయన్ని మించినవాడు లేడు. స్కానింగ్ రోజున కూడా మూల స్తంభానికి ఆనుకుని గుర్రుపెట్టాడు మహానుభావుడు. ఎదురుగా యంత్రం గిర్రున తిరుగుతున్నా వేలైనా కదపలేదు. దాంతో ప్రోగ్రాం ఆయన్నీ శిల్పాల్లో కలిపేసింది. వాలిన తల, బొజ్జ, ఒక కాలికే ఉన్న చెప్పు.

మొన్న చలికాలంలో ఆయన పోయాడు. అప్పట్నుంచి ఆమె రోజూ తేలుతూ వెళ్లి ఆయన ఎదురుగా కాసేపు ఆగేది. చుక్కలు మినుకుమంటుంటే ఊపిరి పీలుస్తున్నట్టే ఉండేది. చెరపాలని తెలుసు. చేతులు రాలేదు.

"ఆ మూల స్తంభం ఇంకా పంపలేదేమే? రాయి ముందు పెట్టుకుని కూర్చున్నారు వాళ్లు," అంటూ, ఆమె అక్కా అని పిలిచే పై అధికారి తెరలోకి వంగింది. "ఎవరీయన? చెప్పుతో సహా చెక్కిస్తావా ఏంటి?"

"మా మామయ్య, అక్కా."

అక్క నవ్వు ఆగిపోయింది. "అయ్యో. పోనీ, కాపీ తీసి దాచుకోవే."

"దాచుకున్నా. కానీ ఇక్కడైతే ఇంకా డ్యూటీలో ఉన్నట్టుంటాడక్కా. తీసేస్తే ఉత్త ఫొటో అయిపోతాడు."

అక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. ఆమె ఏడుస్తూనే చెరిపేసింది.

ఆయన పోయిన చోట నల్లటి ఖాళీ. వెనక ఏముందో స్కానర్ చూడనే లేదు. పాత ఫొటోలు వెతికితే వాటిలోనూ అక్కడ ఆయనే కూర్చుని ఉన్నాడు.

"పక్క స్తంభం మీది లత తెచ్చి అతికించనా?" అంది ఆమె.

"వద్దు. తెలియనిదాన్ని మనం కల్పించకూడదు. నున్నగా వదిలేయమని శిల్పులకు రాసి పంపు."

మండపం లేచాక ఆమె చూడ్డానికి వెళ్లింది. మూల స్తంభం నిండా లతలు, పక్షులు. కింద మాత్రం ఓ చోట ఉలి ఆగిపోయింది. వాలిన తల, రెండు భుజాలు, విశాలమైన వీపు, అంతమేరా నున్నటి రాయి.

ఆమె వెళ్లి దానికి ఆనుకుని కూర్చుంది. ఇటూ అటూ ఇంకా చాలా చోటు మిగిలింది.