మార్కండేయ పొద్దుటి తుమ్ము

మార్కండేయ గడప దాటి ఒక కాలు బయట పెట్టాడో లేదో, తుమ్మాడు. ఒకే ఒక్క తుమ్ము. సువర్ణ మంచినీళ్ల చెంబుతో సిద్ధంగానే ఉంది. వానలు పడినప్పటి నుంచి ఆమెకు ఇదొక పని అయిపోయింది. మొగుడు తుమ్మాలి, వెనక్కి వచ్చి పీట మీద కూర్చోవాలి, రెండు గుక్కలు తాగాలి, మళ్లీ బయలుదేరాలి. బయలుదేరగానే మళ్లీ తుమ్మేవాడు. మళ్లీ చెంబు.

"నడిచేదాని కంటే కూచునేదే ఎక్కువైతాండాది," అన్నాడు మార్కండేయ, ముక్కు తుడుచుకుంటూ.

"శకునం బాగలేనప్పుడు పోగూడదు. తాగు," అంది సువర్ణ.

ధర్మవరం శివారులోని చేనేత కాలనీలో వాళ్లది చివరి వరుస. మీసాలు రాకముందే గుంత మగ్గంలోకి కాళ్లు దించిన మనిషి మార్కండేయ. ఆ కాళ్లకు చెక్కలు తొక్కడం తప్ప నడక అంటే ఏమిటో తెలియదు. మొన్న ఎండాకాలంలో గుండెకు స్టెంటు వేసిన డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. "రోజూ నడువు. నడవకపోతే మళ్లీ నా దగ్గరికే వస్తావు. ఈసారి ఎట్లా వస్తావో నేను చెప్పలేను."

నడుద్దామంటే దారేది? కాలనీ దాటితే ఖాళీ ప్లాట్లు. ఏడాది పొడుగునా ఎర్రమట్టి తప్ప ఏమీ కనిపించని ఆ నేల, నాలుగు వానలు పడగానే వయ్యారిభామతో తెల్లగా పూసి కూర్చుంది. ఆ పాడు కలుపుకు అంత అందమైన పేరు పెట్టిన రసికుడెవరో గానీ, ఒక్క పూటైనా దాని పక్కన నిలబడి ఊపిరి పీల్చి ఉండడు. వేరుశనగకు చాలని వాన దీనికి మాత్రం ఎట్లా చాలుతుందో ఆ దేవుడికే తెలియాలి. దాని పుప్పొడి గాలికి లేచిందంటే మార్కండేయకు కళ్లు దురద, గొంతులో గరగర, ఛాతీలో పిల్లికూతలు.

డాక్టరమ్మను అడిగితే, పుప్పొడి పొద్దున్నే ఎక్కువ లేస్తుంది, సాయంత్రం నడువు, ముక్కుకు గుడ్డ కట్టుకో అంది. సాయంత్రానికి మగ్గం దిగిన కాళ్లు మొద్దుబారి, తిన్నచోటే ఒరిగిపోయేవాడు. గుడ్డ కట్టుకుంటే ఊపిరి ఆగేది గానీ తుమ్ము ఆగేది కాదు. మాత్ర వేసుకుంటే మగ్గం మీదే కునుకు పట్టి, చీర అంచులో జరీ తప్పింది. ఇంట్లోనే తిరుగుదామంటే మగ్గమూ మంచమూ పోను మనిషి పక్కకు తిరగడానికే చోటు లేదు. ఇక మిగిలింది పొద్దుటి పూటే.

అసలు చిక్కు తుమ్ముతో కాదు, దాన్ని విన్నవాళ్లతో వచ్చింది. పొద్దున్నే ఒకరు మగ్గానికి కొత్త పడుగు ఎక్కించబోతారు, ఒకరు చీరలు తీసుకుని అంగడికి బయలుదేరుతారు. ఒంటి తుమ్ము వినిపిస్తే ఎక్కడివాళ్లు అక్కడ ఆగి, ఇంట్లోకి పోయి, కాళ్లు కడుక్కుని కాసేపు కూర్చుంటారు. పక్కింటి గంగాధరప్ప అయితే మోపెడ్ స్టార్ట్ చేసినా సరే, ఆపి స్టాండు వేసేవాడు. మార్కండేయ దొంగతనం చేసినవాడిలా తల దించుకుని వీధి దాటేవాడు.

ఒకరోజు గంగాధరప్ప తుమ్ము విని కూడా, కాళ్లు కడుక్కునే ఓపిక లేక అట్లాగే వెళ్లిపోయాడు. అంగడాయన చీర విప్పి, కొంగులో మచ్చ ఉందని మడత కూడా పెట్టకుండా తిరిగి ఇచ్చేశాడు. గంగాధరప్ప వచ్చీ రావడంతోనే నడివీధిలో నిలబడి అరిచాడు.

"ఏమప్పా మార్కండేయా! నీ ఒక్కని పానం కోసరం ఊరందరి నోట్లో మన్ను కొడతావా?"

వీధిలో ఒక్కరూ అది తప్పని అనలేదు. మార్కండేయకు అదే ఎక్కువ నొప్పి పుట్టించింది. సువర్ణ మాత్రం గుమ్మంలోంచి అందుకుంది.

"తుమ్మితే ఊడిపోయే ముక్కు ఎన్నాళ్లుంటాదిలే! మచ్చ చీరలో ఉండాదా, మా తుమ్ములో ఉండాదా?"

అంత మాట అన్నదే గానీ, మర్నాడు మొగుడు నడకకు లేవకపోయేసరికి ఆమెకు భయం పట్టుకుంది. ఆ మర్నాడూ లేవలేదు.

"లేయి. చెంబు నేను తేను. కూచోమని చెప్పను," అంది మంచం పక్కన నిలబడి. "నువ్వు తుమ్మితే వాళ్లకు చెడు. నువ్వు పోతే నాకు చెడు. నేను యాడ కాళ్లు కడుక్కోవల్ల?"

"అలిసిపోయినా సువర్ణా," అన్నాడు అతను కళ్లు తెరవకుండానే. నిజంగానే అలిసిపోయాడు. మగ్గం గుంతలోంచి పైకి రావడానికే ఆయాసం వస్తోంది. దానికంటే, ఊపిరి పీల్చినందుకు ఊరికి క్షమాపణ చెప్పుకోవడం ఇంకా అలుపుగా ఉంది.

అట్లా వారం గడిచిందేమో, ఒక పొద్దున్నే తలుపు దబదబా మోగింది. సువర్ణ తీస్తే గంగాధరప్ప. ఇస్త్రీ చొక్కా, చంకలో చీరల మూట, ముఖం నిండా చిరాకు.

"ఏమప్పా, ఇంగా తుమ్మలేదేమి?"

మార్కండేయకు అర్థం కాలేదు.

"నువ్వు తుమ్మి మలుపు తిరిగినాక గడప దాటుదామని తలుపెనకాల కూచుంటాండా. నేను ముందు బయలుదేరితే నువ్వు ఎనక తుమ్ముతావు. దినామూ ఇదే పని. ఎండెక్కినా నీ తుమ్ము లేదు, నా ప్రయాణం లేదు. ఈ పొద్దు చీర చూపీకుంటే నా మగ్గానికి పని లేదన్యాడు అంగడాయన."

"నేను నడిచేది మానేసినా గంగన్నా."

"ఎందుకు?"

"నువ్వే అంటివి కదా."

కూర్చున్న మనిషి ఆ రెండు మాటలకే ఆయాసపడుతుంటే గంగాధరప్ప చూశాడు. పక్కనే సువర్ణ గోడకు ఆనుకుని, ఏడవకుండా నిలబడి ఉంది.

"కోపంలో ఏందో అంటి," అన్నాడు చివరికి. "దానికి సచ్చిపోతావా? లేయి. మలుపు దాకా నేనొస్తా."

ఇద్దరూ బయలుదేరారు. మలుపు దగ్గరే తుమ్ము వచ్చింది. గంగాధరప్ప కాలు దానంతటదే ఆగిపోయింది, కూర్చోవడానికి రాయి కోసం కళ్లు వెతికాయి.

"నువ్వు కూచో గంగన్నా. నేను కూచుంటే మళ్లా లేయలేను," అన్నాడు మార్కండేయ, ఆగకుండా. అందులో ఎత్తిపొడుపు లేదు. దానికి కూడా ఓపిక లేదు.

రెండు వైపులా తెల్లటి పూల మధ్య ఒక్కడే నడిచాడు. వెనక చెప్పుల చప్పుడు ఇంటివైపు పోతుందని చెవి ఒగ్గాడు. పోలేదు. గబగబా దగ్గరికొచ్చి అతని పక్కన కలిసింది.

"తుమ్మినా కదా, మూట ఇంట్లో పెట్టి రాకపోతివే," అన్నాడు మార్కండేయ భయంగా.

"ఇట్లే అంగడికి పోతా. నువ్వు నడువు."

మార్కండేయ ముక్కులో మళ్లీ మంట లేచింది. గంగాధరప్ప చంకలోని మూట చూసి, రెండు చేతులతో నోరూ ముక్కూ గట్టిగా నొక్కుకున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. గంగాధరప్ప ఆగి, అతని చేతులు పట్టి కిందికి లాగాడు.

"తుమ్మప్పా," అన్నాడు. "ఏం గాదు, తుమ్ము."