వయ్యారిభామ దండ

నగరేశ్వరరావు మెడలో ఆ దండ పడ్డప్పుడు నాకు కలిగిన సంతోషం నా పెళ్ళిలో కూడా కలగలేదు. ఉన్నమాట చెప్తున్నాను. నన్ను మంచిదాన్నని అనుకోవాలని ఉన్నవాళ్ళు ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఆ దండ నేనే దగ్గరుండి కట్టించాను. ఎందుకు కట్టించానో చెప్తాను, తర్వాత మీ ఇష్టం.

రాజాంలో బైపాసు దాటాక గెడ్డ వాగు మలుపు తిరిగే చోట నాలుగెకరాల ఊరుమ్మడి తోపు ఉంది. చుట్టూ ఇళ్ళు, రైసుమిల్లులు, ఒక కల్యాణమండపం. మధ్యలో ఇదొక్కటే ఎలాగో మిగిలిపోయింది. నేను ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్తాను. పుస్తకంలో బొమ్మ చూపించడం నాకు చేతకాదు, పిల్లల్ని తోపుకి తీసుకెళ్ళి ఆకు చేతిలో పెట్టి చెప్పేదాన్ని. నేరేళ్ళు, కానుగలు, గెడ్డ వార మొగలి పొదలు, ఎండ తగిలే గట్ల మీద తంగేళ్ళు. హుద్‌హుద్ తుఫానుకి వాటిలో సగం కూలిపోయాయి. చెట్లు పోయిన చోట నేలమీద ఎండ పడింది. ఎండ పడిందో లేదో, వయ్యారిభామ దిగింది.

ఆ మొక్కని చూడనివాళ్ళుండరు. రోడ్ల పక్కన, ఖాళీ స్థలాల్లో నడుమెత్తు పెరిగి చిన్న చిన్న తెల్లపూలు పూస్తుంది. పక్కన ఇంకో మొక్కని బతకనివ్వదు. దాని పుప్పొడి పడనివాళ్ళకి ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. పువ్వు రాకముందే వేళ్ళతో సహా పీకెయ్యాలి. కోస్తే మళ్ళీ చిగురేస్తుంది. నేల తిరగేస్తే అడుగున పడుకున్న విత్తనాలన్నీ లేచి కూర్చుంటాయి.

తోపులో దాన్ని పీకిన మనిషి జగ్గమ్మ. మా ఊరి రైతుల ఇంటి మనిషి, నాకు అప్ప, అంటే అక్క వరస. తోపుకి కాపలా ఆమే, కూలీ ఆమే. మూడు వానాకాలాలు వంగిన నడుము ఎత్తలేదు. సెలవురోజుల్లో నేనూ పక్కన కూచుని పీకేదాన్ని.

“దీనికింత సక్కటి పేరు ఎవుడెట్టినాడే? ఆడు గానీ నాకు దొరికితేనా!” అనేది.

రెండో ఏడు ఆమె మెడమీద, మోచేతుల మీద నల్లటి మచ్చలు లేచాయి. చేతికి తొడుగులు ఇచ్చాను, అప్పటికే ఆలస్యమైంది. మూడో ఏడు ఆయాసం మొదలైంది. “ఇంకోసారి ఆ మొక్క దగ్గరికి వెళ్తే ఊపిరి ఆగిపోతుందమ్మా, ఇది నవ్వులాట కాదు” అని డాక్టరు నా ముందే చెప్పాడు. ఆ రోజు నుంచి పీకే పని నేను చూసుకుని, ఆమెకి నారుమొక్కలు అప్పగించాను. తోపులోనే గింజలు ఏరి, సంచుల్లో మొలిపించి, కలుపు తీసిన ఎకరంలో మూడువందల మొక్కలు నాటాం. ఏది ఏ తల్లిచెట్టు గింజో ఆమె చూడకుండా చెప్పగలదు.

ఇక నగరేశ్వరరావు సంగతి. స్టీలుసామాన్ల కొట్టు, వాకర్స్ క్లబ్బు అధ్యక్ష పదవి, ఈ రెండూ ఆయనవి. పొద్దున్నే తోపు చుట్టూ నాలుగు రౌండ్లు కొడతాడు కాబట్టి తోపు కూడా తనదే అనుకుంటాడు. ఆ మూడో ఏడు జనవరి ఇరవయ్యారున జెండా ఎగరేసి మైకు పుచ్చుకున్నాడు.

“మన తోపులో వయ్యారిభామని పీకడానికి దేవుడు మనకి ఇంకో వయ్యారిభామని ఇచ్చినాడండీ. మన రేఖా మేడమ్ గారు! ఆ నడక సూడండి, నాను అబద్ధం సెప్తన్నానేటి?”

చిన్నప్పుడు నాకు పోలియో వచ్చింది. ఎడమకాలు ఈడ్చి నడుస్తాను. అడుగు వేసినప్పుడల్లా నడుము ఒక పక్కకి ఊగుతుంది. వందమంది ఒక్కసారి పగలబడి నవ్వారు. జగ్గమ్మప్ప ఒక్కతే నవ్వలేదు. “నీ నోరు పడిపోను” అని గట్టిగానే తిట్టింది, కానీ మైకు ఆమె చేతిలో లేదు కదా.

ఆ పేరు నాకు అంటుకుపోయింది. క్లాసుకి వెళ్తే బోర్డు మీద అదే. ఆటోస్టాండులో “వయ్యారిభామ గారొస్తన్నారు, జరగండ్రా” అని గుసగుసలు. ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పి సంపాదించుకున్న పేరు ఒక్క పూటలో తుడిచిపెట్టుకుపోయింది. పళ్ళు నూరుకుంటూ ఒకటే అనుకున్నాను. ఇదే పేరు, ఇదే మైకులో, ఇదే జనం ముందు వాడికి తగిలించకపోతే నేను రేఖనే కాను.

మరుసటి ఏప్రిల్లో పేపర్లు దిద్దడానికి శ్రీకాకుళం వెళ్ళి పదిరోజులు ఉన్నాను. తిరిగొచ్చి బస్సు దిగి తిన్నగా తోపుకి వెళ్తే, మా ఎకరం గుండు కొట్టించినట్టు నున్నగా ఉంది. జగ్గమ్మప్ప గట్టుమీద కూలబడి ఉంది.

“జేసీబీ ఎట్టినాడమ్మా. అడ్డం తొంగున్నాను, లాగీసినారు. ఒక్కో మొక్కకీ పేరు సెప్పినాను. ఇది నేరేడు బాబూ, ఇది మద్ది బాబూ అని. ఎవ్వుడూ ఇన్లేదు.”

మూడువందల మొక్కలు! వాటి చోట నగరేశ్వరరావు వరసగా కోనోకార్పస్ నాటించాడు. ఎక్కడి నుంచో లారీలో దింపిన మొక్క. మన పిట్టకి పనికిరాదు, మన పురుగుకి పనికిరాదు. ఫొటోలో పచ్చగా కనపడుతుంది, అంతే.

అట్నుంచి అటే వాడి కొట్టుకి వెళ్ళాను. నగరేశ్వరరావు ఎవరిదో గిన్నె మీద పేరు చెక్కిస్తున్నాడు. ఆ మిషను రొదలోనే మాట్లాడాడు.

“పిచ్చిమొక్కలనుకున్నాం మేడమ్. శ్రావణంలో జిల్లా నుంచి పెద్దాఫీసరు వస్తన్నారు, పచ్చదనం అవార్డు మన క్లబ్బుకే. తోపు నీటుగా ఉండాల కదేటి? ఏది పిచ్చిదో ఏది మంచిదో మాకేటి తెలుస్తాది? మీరంటే వయ్యారి... అదే, బోటనీ వోరు.”

అని నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళూ నవ్వారు. నోరు విప్పితే ఏడుపొస్తుందని వెనక్కి తిరిగి వచ్చేశాను.

వానలు పడ్డాయి. నేను అనుకున్నట్టే జేసీబీ తిరగేసిన నేలంతా వయ్యారిభామ మొలిచింది. శ్రావణమాసం వచ్చేసరికి కోనోకార్పస్ వరసల మధ్య ఎకరం పొడుగునా తెల్లగా పూసింది. ఈసారి నేను ఒక్క మొక్క కూడా పీకలేదు. చూస్తూ ఊరుకున్నాను.

అవార్డు సభ ఆదివారం, తోపులోనే. ముందు శుక్రవారం పూజకి పూలు కొనడానికి బజారుకి వెళ్ళాను. పూలదండలు కట్టే అసిరయ్య చామంతుల మధ్య ఏదో తెల్లపువ్వు పెట్టి కడుతున్నాడు. దగ్గరికి వంగి చూశాను. సాక్షాత్తూ అదే!

“ఈ తెల్లపువ్వు ఎక్కడిది అసిరయ్యా?”

“తోపు కాడ ఊరికే దొరుకుతన్నాదమ్మా. శ్రావణంలో పువ్వు పిరం గదా, మధ్యలో ఎడతన్నాను. దండ నిండుగా అగుపిస్తాది” అంటూ ముంజేయి గోక్కున్నాడు.

ఆ గోక్కోవడం కూడా చూశాను. అది విషపు మొక్క అని చెప్పాల్సిందే. నోటిదాకా వచ్చిన మాటని మింగేసి, “ఆదివారం సభలో అధ్యక్షుల వారికి ఒక పెద్ద దండ కట్టు. తెల్లపువ్వు దట్టంగా వెయ్యి” అన్నాను. శనివారం మళ్ళీ వెళ్ళి, చాల్లేదని ఇంకో రెండు గుప్పెళ్ళు పెట్టించాను.

సభలో చివర్న వందన సమర్పణ నాకిచ్చారు. జనం లేచిపోతూ ఉండగా చెప్పే నాలుగు ముక్కలు. ఎప్పుడూ అది నాకు తగిలిస్తే చిరాకు పడేదాన్ని, ఈసారి ఎగిరి గంతేశాను. అద్దం ముందు నిలబడి మాట మాటా వల్లె వేసుకున్నాను. “అధ్యక్షుల వారి మెడలో ఇంతసేపూ ఊగుతున్న ఆ తెల్లపువ్వు ఏమిటో తెలుసా? వయ్యారిభామ! మూడువందల చెట్లు చంపి, జేసీబీ పెట్టి వారు పండించిన పంట. ఇవాళ్టి నుంచి ఈ ఊరి వయ్యారిభామ వారే.” ఆ నవ్వు ఎలా ఉంటుందో నా చెవుల్లో ముందే వినపడింది.

జగ్గమ్మప్పకి మాత్రం, “తోపంతా పూసి ఉంది, ఆదివారం ఊళ్ళోనే ఉండు” అని చెప్పి పంపించాను. సభ మొదలయ్యేసరికి ముందువరసలో కొత్త చిలకాకుపచ్చ చీర కట్టుకుని కూచుని ఉంది. అధ్యక్షుల వారే కబురు పెట్టారట. పందిరి పూలకి దూరంగానే ఉంది కదా అని సరిపెట్టుకున్నాను.

దండ వచ్చింది. ఆఫీసరు గారే స్వయంగా నగరేశ్వరరావు మెడలో వేశారు. మోకాళ్ళ దాకా వేలాడింది. రెండు నిమిషాలకి కాలరు సర్దుకున్నాడు. మూడో నిమిషానికి మెడ గోక్కున్నాడు. గోక్కో నాయనా, బాగా గోక్కో, ఇంకా అసలుది ముందుంది అనుకున్నాను. ఆయన లేచి మైకు దగ్గరికి నడిచాడు.

“ఈ దండకి నాను తగనండి. ఈ తోపు కోసం నిజంగా కష్టపడిన మనిషి ఒకరున్నారు మన మధ్యన.”

సిగ్గు విడిచి చెప్తున్నాను, నన్నే అంటున్నాడేమోనని గుండె ఒక్కసారి లేచింది.

“జగ్గమ్మా, రా తల్లీ! స్టేజీ మీదకి రా!”

మన సభల్లో ఇది మామూలే. దండ వేయించుకున్నవాడు దాన్ని తీసి ఇంకొకరి మెడలో వేస్తే పెద్దమనసు. ఇరవై ఏళ్ళుగా ఎన్ని సభల్లో చూశాను! మరి ఆ దండ కట్టించేటప్పుడు నా బుర్రకి ఎందుకు తట్టలేదో!

జగ్గమ్మప్ప కొంగు సర్దుకుంటూ మెట్లెక్కింది. నగరేశ్వరరావు దండ తీసి ఆమె మెడలో వేశాడు. మచ్చలున్న ఆ మెడ మీదే, ముక్కు కింద తెల్లగా పూలన్నీ. చప్పట్లు మోగాయి. ఆమె ఒక్కసారి వంగి పూలవైపు చూసుకుని, తల ఎత్తి ఫొటోవాడి వైపు నిలబడింది. ఆ ముఖంలో అంత కళ నేనెప్పుడూ చూడలేదు.

నేను లేవాలి. తెలుసు. కానీ ఆయన “ఇంక రేఖా మేడమ్ గారు...” అని మొదలుపెట్టాడు. ఇంకో నిమిషంలో మైకు నా చేతికొస్తుంది. అప్పుడు చెప్తే వాడి పరువూ పోతుంది, ఆమె మెడలోంచి దండా తీసినట్టవుతుంది. ఇప్పుడే పరిగెడితే వాడు తప్పించుకుంటాడు. ఒక్క నిమిషం, ఒక్క నిమిషమే కదా అనుకుంటూ కుర్చీలో ఉండిపోయాను.

జగ్గమ్మప్ప దగ్గింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి దగ్గు రాలేదు, నోరు తెరుచుకుని గాలి కోసం వెతుక్కుంది. అప్పుడు లేచాను. కాలు ఈడ్చుకుంటూ మెట్లెక్కి దండ పట్టుకు లాగాను. ఆమె వదల్లేదు.

“నాకేసిన దండే... ఒగ్గీ...” అని రెండు చేతులతో పట్టుకుంది.

“వయ్యారిభామ! వయ్యారిభామ!” అని అరిచాను. మైకు పక్కనే ఉంది. పందిరంతా మోగింది.

ఒక్క క్షణం అందరూ నోరు తెరిచారు. తర్వాత నవ్వారు. నా పేరు నేనే చెప్పుకున్నాననుకున్నారు. ముసలిదానికి దండ వేస్తే ఓర్వలేక లాక్కుంటున్నాననుకున్నారు.

“మీరు సెప్పుకోనక్కర్లేదు మేడమ్, ఊరందరికీ తెలిసిందే!” అన్నాడు నగరేశ్వరరావు, మెడ గోక్కుంటూ.

జగ్గమ్మప్ప నా మీదకి ఒరిగిపోయాక గానీ నవ్వులు ఆగలేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంజక్షను ఇచ్చి, మూతికి మాస్కు పెట్టి మందు పట్టారు. ఇంకాస్త ఆలస్యమైతే మా చేతుల్లో ఉండేది కాదని నర్సు నన్ను కసిరింది. మధ్యాహ్నానికి ఊపిరి కుదుటపడింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని మంచం పక్కన కూచున్నాను.

“ఆ తెల్లపువ్వు నాకు తెల్దనుకున్నావేటి?” అంది. “మూడేళ్ళు పీకినాను. మెళ్ళో పడగానే తెలిసిపోయినాది.”

“తెలిసీ ఎందుకు ఉంచుకున్నావప్పా?”

“నాకెవుడేసినాడే దండ? పెళ్ళిలో ఒకపాలి, అంతే. ఫొటో తీసీదాకా ఉంచుకుందారనుకున్నాను.” కాస్త ఆగి ఊపిరి తీసుకుంది. “నువ్వెప్పుడు సూసినావమ్మా?”

అబద్ధం చెప్పొచ్చు. స్టేజీ మీదే చూశానంటే నమ్మేది.

“నేనే కట్టించానప్పా. వాడి కోసం.”

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది.

“ఆడికి కట్టించినావు, సరే. మంచి పనే. మరి ఆడు తీసి నా మెళ్ళో ఏసినప్పుడు ఎదరే కూకున్నావు గదా?”

“ఊ.”

“దగ్గొచ్చీదాకా లెగలేదేటి?”

నేను రెండో చేత్తో ఆమె దుప్పటి సర్దాను. ఆమె నా ముఖం వైపే చూసింది.

“మైకు కోసరం ఆగినావా, రేఖా?”

“అవునప్పా” అన్నాను.

ఆమె తన చెయ్యి నా చేతిలోంచి తీసుకుని, అటు తిరిగి పడుకుని, మెడ గోక్కోవడం మొదలుపెట్టింది.