ఎనిమిది వందల యాభై వాట్లు

షు-యుయెన్ కంప్యూటరుకు కరెంటు అందించే పవర్ సప్లై ఒకటి పరీక్షిస్తూ, దాని తీగల్లో రెండు పిన్నులను చిన్న ఇనుప తీగతో కలిపి, ఫ్యాను తిరగగానే అరచేయి అడ్డం పెట్టింది. గాలి సమంగా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది. తైపేలోని ఆ కంప్యూటర్ల బజారులో, మొదటి అంతస్తు మూల కొట్లో, ఇరవై ఆరేళ్లుగా ఆమె జీతానికి కంప్యూటర్లు బిగిస్తోంది. రేకు అంచులు కోసి కోసి వేళ్ల కొసలు గరుకుదేలాయి. కుడి బొటనవేలి గోరు సగమే పెరుగుతుంది.

మధ్యాహ్నం అన్నం డబ్బా మూత తీసేసరికి ఒక ముసలి జంట వచ్చింది. ఆయన పేరు తూ. కీలుంగ్ రేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. చలికోటు భుజాల మీద వేలాడుతోంది. మణికట్టుకు ఆస్పత్రి పట్టీ ఇంకా ఉంది.

"రైళ్లు నడిపే ఆట ఆడుతుంటానమ్మాయ్. పవర్ సప్లై కాలిపోయింది. ఇప్పుడున్న గ్రాఫిక్స్ కార్డుకి ఏది సరిపోతుంది?"

"నాలుగొందల యాభై వాట్లది చాలు బాబాయ్."

"వచ్చే ఏడు పెద్ద కార్డు వేస్తే?"

"అప్పుడది చాలదు. ఆ కార్డొక్కటే మూడొందల యాభై లాగుతుంది, ఒక్కోసారి ఉన్నట్టుండి రెట్టింపు. ఎనిమిదొందల యాభై ఉండాలి."

"అయితే అదే ఇవ్వు. కొత్త కార్డుంటే ఆటలో వాన పడ్డప్పుడు పట్టాలు మెరుస్తాయట."

"క్రేన్ ఎక్కితే కిందున్న పెళ్లాం కూడా కంటికి ఆనని మనిషి, పట్టాల మెరుపు చూస్తాడట," అంది భార్య.

ఆయన మరుగుదొడ్డికి వెళ్లగానే ఆమె గాజు బల్ల మీదికి వంగింది. "డాక్టరు ఎండాకాలం దాకా అన్నాడమ్మా. ఆయనకీ తెలుసు. చిన్నది చాలని నువ్వు చెబితే వింటాడు. అంత పెద్దది ఇప్పుడెందుకు?"

షు-యుయెన్ అన్నం తినే పుల్లలు డబ్బా మీద పెట్టేసింది.

పదకొండేళ్ల కిందట ఆమె భర్త చియా-షెంగ్, కాలేయం పాడై మంచం పట్టినవాడు, తూ లాగే అడిగాడు. పెద్దది బిగించు, వచ్చే ఏడు కార్డు మారుద్దాం అన్నాడు. ఆమె స్క్రూ తిప్పుతూ తలెత్తకుండానే "ఇప్పుడెందుకు?" అంది. సరుకు తెలిసిన మనిషి మాట అది, అంతే. అతను కాసేపు ఆమె చేతుల్నే చూసి "అవున్లే" అన్నాడు. ఆ తర్వాత కార్డు ఊసే కాదు, రేపటి ఊసు ఏదీ ఎత్తలేదు. నలభై రోజులు బతికాడు.

"ఆ మాట నేను చెప్పలేను పిన్నీ," అంది షు-యుయెన్. "మా ఇంట్లో ఒకసారి చెప్పాను. ఆయన మొహం ఇంకా కళ్లముందు నుంచి పోలేదు."

తూ గోడ పట్టుకుని మెల్లగా తిరిగి వస్తున్నాడు. ముసలావిడ ఎదురెళ్లి ఆయన మోచేయి అందుకుంది.

"పెద్దదే కట్టమన్నాను. మళ్లీ ఏడాది దీనికోసం ఈ మెట్లెక్కడం నా వల్ల కాదు."

"కార్డు కోసం ఎక్కాలిగా," అన్నాడాయన.

"అప్పుడు చూద్దాం," అందామె.

మే నెలాఖరున ముసలావిడ ఒక్కతే వచ్చింది. షు-యుయెన్ స్టూలు వేసింది.

"ఈ మే వానలు మొదలైన వారానికి పోయాడు. కంప్యూటరు నేను ఆపలేదమ్మా. రైలు ఏదో స్టేషన్లో ఆగి ఉంది. దాన్ని కదిలించడం నాకు చేతకాదు." సంచిలోంచి ఒకటి తీసింది. "ఇది ఆ పవర్ సప్లై డబ్బాలో మిగిలింది. ఎవరికైనా పనికొస్తుందేమో."

ఆమె మెట్లు దిగిపోయింది. పెద్ద కార్డుకు కరెంటు అందించే నల్లటి లావు తీగ, ఫ్యాక్టరీలో వేసిన కట్టు విప్పకుండా, గాజు బల్ల మీద ఉంది.